రేకు నెమళ్ల చాచా

చాచీ ఎప్పుడు ఫోన్ చేసినా ముందు చాచాను నాలుగు తిట్టి, ఆ తర్వాతే మా ఇంటి సంగతులు అడుగుతుంది. మొన్న మహబూబాబాద్ నుంచి చేసినప్పుడు కూడా తిట్టుతోనే మొదలుపెట్టింది.

"సూడు బేటీ, నాకు ఒక్క మాట జెప్పకుంట పోయిండు మీ చాచా. చాయ్ తాగిండు, కప్పు బోర్లించిండు, గోడకు ఒరిగి కూసున్నడు. నేను పొయ్యికాడికి పోయి వచ్చేసరికి పానం లేదు. జిందగీల ఏ పనీ జల్దీ జెయ్యనోడు గీ పనొక్కటి జల్దీ జేసిండు."

ఏడుస్తూనే అంది. ఇటువైపు నాకూ ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. ఆయన గురించి నవ్వకుండా మాట్లాడుకున్న రోజు మా ఇంట్లో లేదు మరి.

మర్నాడు పొద్దున్నే బయలుదేరి మహబూబాబాద్‌లో వాళ్ల కూతురి ఇంటికి వెళ్లి చాచీని చూసి వచ్చాను. దారిలో తొర్రూరులో బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే బజారులో ఒక పాత అంగడి నెత్తిన ఆయన బాగుచేసిన రేకు ద్రాక్షతీగ కనబడింది. సగం తీగను ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కప్పేసింది. ఫ్లెక్సీలంటే చాచాకు ఒళ్లుమంట. "గోడకు లుంగీ గట్టినట్టు" అనేవాడు. ఆయన స్వయంగా ఏడాది పొడవునా లుంగీ మీదే ఉండేవాడన్నది వేరే సంగతి.

ఆయనకు పేరు లేక కాదు. రాస్తే జనగామలో ఒక్కరూ గుర్తుపట్టరు. చాచా అంటే పసిపిల్లలకు కూడా తెలుసు, కాబట్టి ఇక్కడా చాచానే.

పాతకాలపు షావుకార్ల మేడలు మీరు చూసే ఉంటారు. వీధివైపు గోడ నెత్తిన పూలు, తీగలు, సింహం తలలు, నెమళ్లు వరసగా ఉంటాయి. కింద నిలబడి చూస్తే రాతిపని అనిపిస్తుంది, కాకపోతే గచ్చుపని అనిపిస్తుంది. మా వైపు కొన్ని మేడలకు అది రేకు. జింకు రేకును కత్తెరతో కత్తిరించి, కొయ్య సుత్తితో ఉబ్బెత్తుగా కొట్టి, ముక్కకు ముక్క టంకం పెట్టి అతికి, చెక్క చట్రానికి బిగించి, పైన రంగు వేస్తారు. అందానికి అందం. దానికి మించి, గోడ నెత్తిన వాన నిలవకుండా అదే గొడుగు. చాచా వాళ్ల నాయన ఈ పనిలో చుట్టుపక్కల పేరు మోసినవాడు. చాచా కాలానికి కొత్తవి చేయించుకునేవాళ్లు లేకుండా పోయారు. అందుకని ఆయన బతుకంతా తండ్రి చేసిన వాటికి తుప్పు వదిలించడం, సొట్టలు తీయడం, ఊడినచోట అతకడం.

జనగామలో మా మేడకు రెండు నెమళ్లు. ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, నడుమ ద్రాక్షతీగ. అత్తమ్మ వాళ్ల మామగారు పత్తి వ్యాపారంలో బాగుపడి, హైదరాబాదులో ఎవరి మేడకో చూసి వచ్చి, మోజుపడి చేయించాడట. అత్తమ్మ పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు బండి దిగి మొదట తలెత్తి చూసింది ఆ నెమళ్లనే. "పెండ్లికొడుకు మొకం తర్వాత జూసిన. నెమళ్లే మంచిగున్నయ్" అని మా మామగారు బతికున్నప్పుడు ఆయన ముందే చెప్పేది.

చాచా మా ఇంటికి మొదటిసారి పనికి వచ్చినప్పుడు నేను కొత్త కోడల్ని. నెమలి తోక ఒకటి ఊడితే దించి వసారాలో బోర్లా పడుకోబెట్టాడు. చూస్తే లోపలంతా నూనె డబ్బా రేకు. నూనె కంపెనీ అక్షరాలు తలకిందులుగా కనబడుతున్నాయి. నాకు నవ్వాగలేదు. ఇంత దర్జాగా నిలబడే నెమలి కడుపులో నూనె డబ్బా ఉందని ఎవరనుకుంటారు?

"మా నాయిన అతికిండు బిడ్డా" అన్నాడు గర్వంగా. "లోపట ఏమన్న ఉండనీ. వాన లోపటికి రావద్దు. గంతే పని."

ఆ ముక్క పీకి కొత్త రేకు వేస్తాడేమో అనుకున్నాను. దాని పక్కనే ఇంకో డబ్బా ముక్క వేశాడు.

ఆయన చేతిలో వంకర ఏదైనా బంగారం. ఆకు అంచు, పింఛం కన్ను, తీగ మెలిక, ఏదైనా కత్తెర అలా తిరిగి వచ్చేది. తిన్నగా మాత్రం కోయలేడు. అత్తమ్మ ఒకసారి వాననీళ్లకు గొట్టం చేయమని అడిగింది. చేశాడు. అది కారింది. బాగుచేశాడు. ఇంకోచోట కారింది. చివరికి అత్తమ్మ దాని కింద బిందె పెట్టి, ఆ నీళ్లు మొక్కలకు పోసుకునేది. అడిగితే చాచా ఏమాత్రం సిగ్గుపడలేదు. "సీదా కోయాల్నంటె కత్తెరకు కోపమొస్తదక్కా" అన్నాడు. అత్తమ్మ ఊరుకుంటుందా? "కత్తెరకు కోపమొస్తె నా ఇల్లెందుకు కారాలె?" అంది. దానికి చాచా చాయ్ అడిగాడు.

చాయ్ తాగాక కప్పు బోర్లించడం పనిచోట అలవాటైంది. రేకు రజను ఎగిరి కప్పులో పడుతుంది, మళ్లీ పోసుకున్నప్పుడు గొంతులోకి పోతుంది. ఆ అలవాటు అన్నిచోట్లకీ వచ్చింది. మా ఇంట్లో శుభకార్యానికి వచ్చి, భోజనమయ్యాక నీళ్ల గ్లాసు బోర్లించి లేచేవాడు.

సొట్టలు తీయడానికి ఆయన దగ్గర ఒక గోనెసంచి ఉండేది, నిండా చింతగింజలు. రేకును దాని మీద బోర్లా పెట్టి వెనకనుంచి కొయ్య సుత్తితో మెల్లగా తడుతూ పోతే గింజలు పక్కకు జరిగి చోటిస్తాయి, రేకు చిట్లకుండా పైకి ఉబ్బుతుంది. గింజలు మా ఇంటివే. అత్తమ్మ ఏటా చింతపండు కొట్టి గింజలు తీసి దాచిపెట్టేది. ఇస్తున్నప్పుడు మాత్రం పెద్ద సాయం చేస్తున్నట్టు ముఖం పెట్టేది.

అన్నిటికన్నా పెద్ద సంగతి చెప్పలేదు. చాచాకు ఎత్తంటే భయం. గోడ నెత్తిన బతికే మనిషికి ఎత్తంటే భయమేమిటని అడగకండి. చేపలమ్మేవాడికి నీచువాసన పడకపోతే మానేస్తాడా, ముక్కుకు గుడ్డ కట్టుకుని అమ్ముతాడు. చాచాకు అలాంటి గుడ్డ ఒకటి ఉంది. ఆయన పైన ఉన్నంతసేపూ కింద ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. ఆయనతోనే మాట్లాడనక్కర్లేదు. ఏదైనా సరే, మనిషి గొంతు వినబడుతూ ఉండాలి.

"కిందికెల్లి మాట వస్తుంటె భూమి ఆడనే ఉన్నదని తెలుస్తది బిడ్డా. మాట ఆగిందనుకో, కాళ్లు వణుకుతయ్."

మా ఇంట్లో ఆ ఉద్యోగం అత్తమ్మది. అరుగు మీద కుర్చీ వేసుకుని, చింతపండు ముందర పెట్టుకుని మొదలుపెట్టేది. ఏ పెళ్లిలో పప్పు నీళ్లలా ఉందో, ఏ తోటికోడలు ఎవరి ఆవకాయ జాడీ ఎత్తుకుపోయిందో, మా మామగారు యవ్వనంలో ఏ వెధవ పని చేసి దొరికిపోయారో, అన్నీ. పైనుంచి సుత్తి చప్పుడు మధ్య "ఆఁ, తర్వాత?" అని వినబడేది. మా వంశం సంగతులు మాకన్నా చాచాకే ఎక్కువ తెలుసు. చాచీకి ఇది కడుపుమంట. "ఇంట్ల నా మాట ఇన్నడు గానీ, మీ అత్తమ్మ మాట గోడెక్కి ఇంటడు" అని నాతో చెప్పుకునేది.

మహబూబాబాద్‌లో ఒకరి మేడ బాగుచేసేటప్పుడు కబుర్లు చెప్పే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదట. రేడియో పెట్టి ఎక్కాడు. వెంటనే దిగేశాడు. "రేడియో నన్ను సూసి మాట్లాడదు కద" అన్నాడు. చివరికి చాచీని పిలిపించుకుని పని ముగించాడు. ఆమె కింద కూర్చుని తిడుతూ ఉంది, ఈయన పైన అతుకుతూ ఉన్నాడు.

వాళ్ల కొడుకు భూపాలపల్లిలో బొగ్గుగనిలో పని. దాని గురించి చాచా మాట ఒకటి నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. "నా కొడుకు భూమి లోపట, నేను గోడ మీద. నడుమ భూమి మీద ఉన్నది మీ చాచీ ఒక్కతే. గందుకే ఆమెకు కోపం జాస్తి" అన్నాడు.

సకల జనుల సమ్మె వచ్చిన ఏడాది ఎండాకాలం చివర్లో పెద్ద గాలిదుమారం లేచింది. మా నెమళ్ల వరస ఒక పక్క చట్రంతో సహా లేచిపోయి, గాలి వచ్చినప్పుడల్లా గోడకేసి కొట్టుకునేది. చాచా వచ్చి తలెత్తి చూసి, "మొత్తం దించాలె. వానలు ముదిరేలోపు మల్ల పెడత" అన్నాడు. దించాడు. నెమళ్లు రెండూ మా వసారాలో చాప మీదికి వచ్చాయి. గోడ నెత్తికి ప్లాస్టిక్ పట్టా కప్పి, పైన ఇటుకలు పెట్టాం.

వానలు ముదిరాయి. నెమళ్లు చాప మీదే ఉన్నాయి. చట్రం చెక్క పుచ్చిందన్నాడు, కొత్తది తెచ్చాడు. తీగ అడుగున రేకును తుప్పు తినేసిందన్నాడు, అతికాడు. మధ్యలో ఒక నెమలి మెడ బాగోలేదని విప్పి మళ్లీ మొదటినుంచి చేశాడు. చెప్పిన రోజుకు ఏ పనీ ఇచ్చిన మనిషి కాదాయన. మేమూ తొందరపెట్టలేదు. వసారాలో టకటక చప్పుడుకు అలవాటుపడిపోయాం.

ఇంతలో సమ్మె మొదలైంది. నేను సర్కారు ఆఫీసులో చిన్న గుమాస్తాను. ఆఫీసుకు తాళం పడింది, నేను డేరాలో కూర్చున్నాను. మా మేడ ముందు రోడ్డు వెడల్పుగా ఉంటుందని దీక్షా శిబిరం అక్కడే వేశారు. శిబిరం నడిపేది రఘునాథపల్లి నుంచి వచ్చే ఒక బడి పంతులు. అందరం సారు అనే పిలిచేవాళ్లం. రోజూ ప్రసంగాలు చేసి గొంతు బొంగురుపోయి, మైకు లేకపోతే పక్కవాడికి కూడా వినబడని స్థితికి వచ్చాడు. రోజుకో పనివాళ్లు వచ్చి నిరసన చెప్పేవారు. ఒకరోజు దర్జీలు మిషన్లు రోడ్డు మీదికి తెచ్చి జెండాలు కుట్టారు. ఒకరోజు క్షౌరశాలల వాళ్లు కుర్చీలు వేసి గడ్డాలు గీశారు. ఒకరోజు కుమ్మర్లు సారె తెచ్చి తిప్పారు. వంటావార్పు నాడు రోడ్డంతా పొయ్యిలే. చాచా రోజూ సాయంత్రం వచ్చి చివరి వరసలో కూర్చునేవాడు. నినాదానికి చెయ్యి ఎత్తేవాడు, నోరు మాత్రం మెదిపేవాడు కాదు.

ఒక సాయంత్రం గాలివానకు పట్టా ఎగిరిపోయింది. పాత సున్నం గోడ, నీళ్లు తాగేసింది. తెల్లారి అత్తమ్మ గదిలో గోడకు చెమ్మ దిగి, పెచ్చు ఊడి మంచం పక్కన పడింది. మేస్త్రీ వచ్చి చూసి, "ఇంకో పెద్ద వాన గిట్లనే తాగిందంటె గోడ మీది ఇటుకలు రోడ్డు మీదికి వస్తయ్" అన్నాడు. డేరాను ఇంకాస్త పక్కకు జరిపారు. మేము కొత్త పట్టా కట్టాం, గాలి దాన్నీ నిలవనివ్వలేదు. గోడను మాత్రం జరపలేం. అది కూలితే తీసుకెళ్లి నెమళ్లను పెట్టే చోటే ఉండదు, పాత ఇనుప సామాన్ల బండి ఎక్కించడమే. అత్తమ్మ ఆ మాట పైకి అనలేదు. వసారాలోకి వచ్చి నెమలి తల మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

జీవితంలో మొదటిసారి చాచా తొందరపడ్డాడు. రెండు రోజుల పనిని ఒక రోజులో లాగాడు. పరంజా కర్రలు కట్టించాడు. ఇక మెడ ఒకటి అతికితే చాలు, తెల్లారి పైకి ఎత్తడమే అనుకున్నాం. ఆ సాయంత్రమే మైకులో చెప్పారు. రేపటినుంచి సంపూర్ణ బంద్. అంగళ్లు, బండ్లు, పనులు, అన్నీ.

తెల్లారి ఆకాశం మబ్బుపట్టి ఉంది. చాచా సంచి భుజాన వేసుకుని వచ్చాడు. శిబిరం కుర్రాళ్లు ఎదురువెళ్లారు.

"చాచా, ఇయ్యాల సుత్తి సప్పుడు రావద్దు. ఎర్కే కదా?"

"ఎర్కే బేటా. పనికి రాలే. కూసోనీకి వచ్చిన."

వచ్చి చివరి వరసలో తన చోట కూర్చున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. సారు మాట్లాడుతుంటే అందరూ సారునే చూస్తున్నారు, చాచా గోడ నెత్తిని చూస్తున్నాడు. ఒకసారి గోడను, ఒకసారి మబ్బును.

నా పరిస్థితి చెప్పుకుంటే సిగ్గు. నేను సమ్మెలో ఉన్నదాన్ని. ఎదురుగా కిరాణా కొట్టు మూసి ఉంది, పాలవాడు కూడా సగం ఊరు తిరిగి ఇంటికి పోయాడు. మా ఇంటి గోడ ఒక్కదానికి బంద్ లేదని ఏ మొహం పెట్టుకుని అడగను? ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. ఉరిమింది. చాచా కాళ్లు కదిపాడు కానీ లేవలేదు.

అత్తమ్మకు మొహమాటాలు లేవు. అరుగు మీదికి కుర్చీ తెచ్చుకుని కూర్చుని, మైకు ఆగిన సందు చూసి అడిగింది.

"ఏం సారూ, మొన్న గడ్డాలు గీసిన్రు. దాన్నేమన్నరు?"

"నిరసన అన్నమమ్మా."

"అంతకుముందు కుండలు జేసిన్రు. అదేంది?"

"అది గూడ నిరసననే."

"మరి గీయన రోడ్డు మీద రేకు కొడితె పని ఎట్లయితది సారూ? అందరిది నిరసన, గీయనదొక్కటే పనా?"

డేరాలో నవ్వు లేచింది. సారు కూడా నవ్వాడు, తర్వాత చాచా వైపు తిరిగి, "చాచా, నువ్వేమంటవ్?" అన్నాడు.

చాచా లేచి నిలబడ్డాడు. అంతమంది ముందు ఆయన మాట్లాడటం అదే మొదలు. "నేను అడగ సారూ. అందరు మూసి నేనొక్కన్నే తెరిస్తె మంచిగుండదు. రేపు ఎవడన్న చాచా బంద్ ఇడిచి పని జేసిండంటె నేను తలెత్త. మీరు వద్దంటె గిట్లనే కూసుంట. గానీ వానకు బంద్ లేదు కద, అదొక్కటే పరేషాన్."

సారు గోడ వైపు ఒకసారి చూసి మైకు అందుకున్నాడు. "ఇయ్యాల మన శిబిరంల రేకుపనోళ్ల నిరసన" అని ప్రకటించాడు. కుర్రాళ్లు వెంటనే అట్టమీద 'రేకుపనివారి సంఘం' అని రాసి డేరాకు కట్టారు. సంఘంలో ఉన్నది ఒక్కడే. అధ్యక్షుడూ ఆయనే, కార్యకర్తా ఆయనే.

నెమళ్లను నలుగురు నాలుగు పక్కలా పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చారు. కుంపటి వచ్చింది, చింతగింజల సంచి వచ్చింది. బంద్‌తో నిర్మానుష్యంగా ఉన్న రోడ్డు నడుమ చాచా గొంతుక్కూర్చుని నెమలి మెడ అతికాడు. నినాదం ఇచ్చినప్పుడల్లా సుత్తి కూడా దానికి తగ్గట్టు పడింది. ఆయన కావాలని కొట్టాడో, అలా కుదిరిందో తెలియదు. కాసేపటికి డప్పుల కుర్రాడు కూడా అందుకున్నాడు.

ఇక పైకి ఎత్తాలి. కుర్రాళ్లు తాళ్లతో లాగారు. చాచా పరంజా ఎక్కాడు. సగం దాకా వెళ్లి కర్రను కావలించుకుని ఆగిపోయాడు. కింద జనం ఉన్నారు కానీ అందరూ నోళ్లు తెరిచి చూస్తున్నారు, ఎవరూ మాట్లాడటం లేదు.

"అక్కా, మాట్లాడు" అన్నాడు పైనుంచి, సన్నగా.

అత్తమ్మ మాట్లాడింది. ఉరుములో కలిసిపోయింది. సారు పరుగున వచ్చి మైకు ఆమె చేతికిచ్చాడు. అదే ఆయన చేసిన పొరపాటు. అత్తమ్మ మైకులో, నాలుగు స్పీకర్లలో, తన తోటికోడలు ఎత్తుకుపోయిన ఆవకాయ జాడీ సంగతి మొదలుపెట్టింది. ఆ తోటికోడలి ఇల్లు వీధి చివరే. పైన సుత్తి మొదలైంది. "ఆఁ, తర్వాత?" వినబడింది. నేను దండం పెట్టి మైకు లాక్కుని సారు చేతికిచ్చాను.

సారు ప్రసంగం ఎత్తుకున్నాడు. నీళ్లు, కొలువులు, మోసపోయిన ఒప్పందాలు, రోజూ చెప్పేవన్నీ చెప్పాడు. నాకు కంఠతా వచ్చిన ప్రసంగమే. అది అయిపోయింది. మొదటి నెమలి మాత్రమే బిగిసింది.

"ఆపకున్రి సారూ" అన్నాడు చాచా పైనుంచి. "మాట్లాడున్రి."

ఇన్నాళ్ల సమ్మెలో సారును ఆపొద్దన్న శ్రోత ఆయనొక్కడే. సారు ఇబ్బందిగా నవ్వాడు. నినాదాలిచ్చాడు. అవీ అయిపోయాయి. పైన కర్ర మీద వణుకుతున్న కాలును చూసి, ఎవరికో ఇంట్లో చెప్పుకుంటున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

"నేను కోస్తాల ఒక ఊళ్లె కాలేజీ సదివిన చాచా. మొదటి దినం 'గిట్లెందుకు' అన్న. క్లాసంత నవ్విన్రు. సిన్మాల తాగుబోతోడు, దొంగోడు మాట్లాడినట్టు ఉన్నదన్నరు. ఆ యాడాదంత నేను తక్కువ మాట్లాడిన. పుస్తకం భాష నేర్చుకున్న. పంతులునయిన. బళ్లె పుస్తకం భాషనే. ఇంట్ల నన్ను గన్న అవ్వతోని మాట్లాడితె నా నోటికి నాకే సిగ్గయితుండె. మా అవ్వ పోయింది. ఆమెతోని నేను సక్కగ మాట్లాడనే లేదు. పదిమంది ముందట నా మాట నేను మాట్లాడింది గీ డేరా కిందనే."

డేరాలో ఆ మాటలు ప్రతివాళ్లకూ ఎక్కడో తగిలాయి. నేను హైదరాబాదులో డిపార్టుమెంటు పరీక్షకు వెళ్లి, నా మాటకు నవ్వుతారని నోరు తెరవకుండా చూపుడువేలితో దారి అడిగిన రోజు గుర్తొచ్చింది నాకు. అప్పుడు చూస్తే పైన సుత్తి చప్పుడు ఆగిపోయి ఉంది. అందరం కంగారుగా తలలెత్తాం.

చాచా రెండు చేతులూ నెమలి మీద ఆనించి కిందికే చూస్తున్నాడు. ఎప్పుడూ కిందికి చూడని మనిషి. నోట్లో మేకులున్నాయి. వాటిని చేతిలోకి తీసుకుని, "ఇంటున్న సారూ. జెప్పున్రి" అన్నాడు.

సారు చెప్పాడు. వాళ్లవ్వ గురించి చెప్పాడు, ఆమె జొన్నరొట్టె చేసే తీరు చెప్పాడు, ఆమె తిట్లు కూడా చెప్పాడు. బొంగురు గొంతు మైకులో అరిగిపోతూనే ఉంది. రెండో నెమలి బిగిసింది, తీగ బిగిసింది, అతుకుల మీద చివరి టంకం పడింది. చాచా దిగి భూమ్మీద కాలు పెట్టాక గానీ సారు మైకు కింద పెట్టలేదు.

సాయంత్రం కుంభవృష్టి. డేరా ఒక పక్క ఒరిగిపోయింది. శిబిరం మొత్తం మా అరుగు మీదికి, వసారాలోకి, మెట్ల మీదికి చేరింది. అత్తమ్మ పెద్ద గిన్నెతో చాయ్ పెట్టింది. నేను పైకి వెళ్లి గోడ తడిమి చూశాను. కొత్తగా చుక్క దిగలేదు. కిందికి వచ్చి చెబితే చాచా తలూపాడు, ఆ సంగతి తనకు ముందే తెలుసన్నట్టు. ముఖం మాత్రం పండగలా ఉంది. మా వసారా అంత కళకళలాడటం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తోటికోడలు కూడా వచ్చింది, ఆవకాయ తగవు తేల్చుకోవడానికి. వానలో వచ్చింది కదా అని అత్తమ్మ ఆమెకూ చాయ్ ఇచ్చింది. తగవు తేలలేదు.

రాష్ట్రం వచ్చింది. వచ్చాక అదే చోట, మా మేడ ముందే సభ పెట్టి, శిబిరంలో కూర్చున్న వాళ్లందరికీ శాలువాలు కప్పారు. ఒక్కొక్కరినీ పిలిచి, ఉద్యమంలో ఏం చేశారో రెండు ముక్కలు చెప్పమన్నారు. ఒకరు రైలు పట్టాల మీద కూర్చున్నానన్నారు. ఒకరు లాఠీ దెబ్బ తిన్నానన్నారు. నేను సమ్మె చేశానన్నాను. సారు వంతు వచ్చినప్పుడు ఆయన ఏం చెప్పకుండా చాచాను ముందుకు తోశాడు. చాచా శాలువా భుజాన వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. నేల మీదే ఉన్నా కాళ్లు వణికాయి.

"మీరందరు పని ఇడిచిపెట్టి తెలంగాణ తెచ్చిన్రు" అన్నాడు. "నేను ఒక్క దినం పని జేసిన. మీరందరు కలిసి జెయ్యనిచ్చిన్రు."